కొయ్యకోడి కాదలచిన మల్లుడు

1939 జనవరి 15వ తేదీ, ఆదివారము. దుకాణములలో, కార్ఖానాలలో పని నేర్చుకొను కుర్రవాండ్రకు జపాను దేశములో ఏడాదికి రెండు పర్యాయములు మాత్రమే సెలవు దొరకు కాలమది. ఆ సెలవులలో ఒకటి ఆ రోజులలోనే వచ్చెడిది. టోకియో నగరమున ర్యోగొకు పేటలోని సుమో మందిరము క్రిక్కిరిసిపోయినది. లోపల చోటు దొరకనివారును, దూరపు ఊళ్ళవారును రేడియోల చుట్టూ చేరినారు. అందరి మనస్సులోను ఒకటే పేరు: ఫుతబయామ. మూడేండ్లుగా ఆ మల్లుడు ఓటమి ఎరుగడు. వరుసగా 69 పోటీలు గెలిచి ఉన్నాడు. ఆనాడు గెలిచినచో 70 అగును.

రేడియోలో వ్యాఖ్యానము చెప్పుచున్నవాడు వాద షిన్‌కెన్. కొద్ది క్షణములలో బరిలో ఏమి జరిగినదో ఆతడు కన్నులారా చూచినాడు. చూచియు నమ్మలేకపోయినాడు. ప్రక్కనున్న సహచరుని అడిగి, నిశ్చయపరచుకొని, అటు పిమ్మటనే ఫుతబయామ ఓడినాడని లోకమునకు చెప్పినాడని ప్రసిద్ధి. మందిరములో కూర్చున్న జనము తమ క్రిందనున్న మెత్తలను గాలిలోనికి విసరినారు. ఆరేండ్ల తరువాత, 1945 ఆగస్టు 15న, యుద్ధము ముగిసినదని తెలుపు చక్రవర్తి ప్రసంగమును రేడియోలో ప్రజలకు పరిచయము చేసిన కంఠము కూడ ఈ వాదదే.

ఒక మల్లుని ఓటమి ఒక దేశమునంతను నిశ్చేష్టము చేయుటకు కారణమేమి? ఓడిన తరువాత ఆ మల్లుడు ఏమైనాడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ఇక్కడ మేము ప్రయత్నించుచున్నాము. అయితే ముందుగా సుమో అనగా నేమో కొంత తెలిసికొనుట అవసరము.

మన తాలింఖానాలలో కుస్తీ చూచినవారికి సుమో తేలికగానే బోధపడును. కుస్తీలో ప్రత్యర్థిని వెల్లకిల పడవేసి వీపును నేలకు తాకింపవలెను. సుమోలో అంత దూరము పోనక్కరలేదు. గట్టిపరచిన మట్టితో ఎత్తుగా వేదిక కట్టి, దానిమీద గడ్డి దట్టించిన మూటలను సగము పాతి, గుండ్రని బరి ఏర్పరుతురు. 1931 నుండి ఈ బరి అడ్డుకొలత నాలుగున్నర మీటర్లకు కొంచెము పైగా ఉన్నది. అరికాలు తప్ప దేహములో మరి ఏ భాగము నేలను తాకినను ఓటమియే. కాలు బరి దాటినను ఓటమియే. బరువును బట్టి తరగతులు లేవు. కొండవంటివానికి ఎదురుగా బక్కపలుచనివాడు నిలువవలసి రావచ్చును. పెక్కు పోటీలు నిమిషము లోపుననే ముగిసిపోవును.

ఈ క్రీడలో మిక్కిలి విచిత్రమైనది దాని ప్రారంభము. గంట లేదు, ఈల లేదు. మల్లులిద్దరును ఎదురెదురుగా గొంతుకూర్చుండి, పిడికిళ్ళు నేలకు ఆన్చి, ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొందురు. ఇద్దరి ఊపిరియు ఒక్కటైనప్పుడు ఒకేసారి లేచి ఢీకొందురు. ఒకరికి సిద్ధము కాలేదని తోచినచో, ఆగుమని లేచి పోయి, ఉప్పు చల్లి, మరల వచ్చి కూర్చుందురు. పూర్వము ఇందుకు కాలపరిమితి లేదు. ప్రేక్షకులు ఓపికతో చూచుచుండెడివారు.

1928 జనవరిలో జపాను రేడియో సుమో పోటీలను ప్రసారము చేయ నారంభించినది. రేడియోకు గడియారము ముఖ్యము. వార్తల వేళకు వార్తలు రావలెను కదా! అందుచేత పై తరగతి మల్లులు లేచి తలపడుటకు 10 నిమిషముల గడువు విధించినారు. బరి నడుమ రెండు తెల్లని గీతలు గీచి, ఎవరి గీత వెనుక వారే కూర్చుండవలెనని నియమించినారు. శతాబ్దముల నాటి క్రీడ రేడియో కొరకు తన పద్ధతిని మార్చుకొన్నది. ఈ రెండు గీతల కథ మన మల్లుని కథతో ముడిపడి ఉన్నది కనుక పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

సుమో మల్లులు 'హెయ' అనబడు శాలలలో, మాజీ మల్లుడైన గురువు వద్ద ఉమ్మడిగా నివసింతురు. చిన్నవాండ్రు వంట చేయుదురు, ఊడ్తురు, పెద్దవారికి ఉపచారములు చేయుదురు. ప్రతి పోటీ ఉత్సవమునకు ముందు మల్లుల స్థానములు తెలుపు పట్టిక వెలువడును. గెలిచినవాడు పైకెక్కును, ఓడినవాడు దిగును. ఆ నిచ్చెన కొసమెట్టు 'యోకొజున'. ఆ మెట్టెక్కినవాడు ఎన్ని ఓటములు పొందినను క్రిందికి దిగుట లేదు. స్థానమునకు తగినట్లు ఆడలేకపోయినచో విరమించుటయే మార్గము. ఫుతబయామ కాలములో పెద్ద ఉత్సవములు టోకియోలో ఏడాదికి రెండే జరిగెడివి: జనవరిలో ఒకటి, మేలో ఒకటి.

ఇక మన మల్లుని సంగతి. అతని అసలు పేరు అకియోషి సదజి. క్యూషూ ద్వీపమున ఓయిత ప్రాంతములోని ఉస వద్ద, సముద్రతీర గ్రామమున, 1912 ఫిబ్రవరి 9న జన్మించినాడు. తండ్రిది పడవల మీద సరకులు రవాణా చేయు వ్యాపారము. అది దెబ్బతిని, ఇంటిమీద అప్పులు పడినవి. తల్లి చిన్నతనముననే గతించినది. పిల్లవాడు తండ్రితో కూడ పడవ మీద పనిచేయవలసి వచ్చినది. ఆ పనిలోనే ఒకనాడు అతని కుడిచేతి చిటికెన వ్రేలు యంత్రములో చిక్కి నలిగి కురుచయైనది. అంతకుముందే, ఆటలలో తగిలిన దెబ్బ వలన, కుడికన్ను చూపు దాదాపు పోయినది.

మల్లునికి ఈ రెండును ఎంతటి లోపములో ఊహింపవచ్చును. సుమోలో ప్రత్యర్థి నడుమునకు చుట్టిన దట్టీని పట్టుకొనుటయే ప్రధానము. ఆ పట్టుకు బిగువు నిచ్చునది చిటికెన వ్రేలు. ఇక కంటి మాట చెప్పనే అక్కరలేదు. మెరుపువలె మీదికి దూకువాని దూరము కొలుచుటకు రెండు కన్నులు కావలెను. ఈ కుర్రవాడు ఒక్క కంటితో ఆ వృత్తిలో అడుగుపెట్టినాడు. మల్లుడుగా ఉన్నంత కాలము ఆ సంగతి లోకమునకు తెలియనీయలేదు. విరమించిన పిమ్మటనే అది బయటపడినది.

1927లో, 15 ఏండ్ల వయస్సున, అతడు తత్సునమి శాలలో చేరి తొలిసారి బరిలో దిగినాడు. గురువు పెట్టిన పేరు ఫుతబయామ. 'ఫుతబ' అనగా రెండాకులు, మొలక; 'యామ' అనగా కొండ. చందనవృక్షము రెండాకుల మొలకగా నున్నప్పుడే పరిమళించునని జపానులో సామెత కలదు. ఆ సామెత నుండియే ఈ పేరు పుట్టినదందురు. పువ్వు పుట్టగనే పరిమళించునని మనమనుకొనుమాట కూడ అదియే కదా!

అయితే ఈ పువ్వు పుట్టగనే పరిమళింపలేదనియే చెప్పవలెను. తొలి సంవత్సరములలో ఫుతబయామ సామాన్యమైన మల్లుడు, దేహమున తేలిక. పై తరగతిలో అడుగుపెట్టుట కూడ అనుకోని విధముగా జరిగినది. 1932 జనవరిలో 30 మందికి పైగా అగ్రశ్రేణి మల్లులు, తమ జీతభత్యములు, సంఘపు లెక్కలు, వృద్ధాప్యమునకు భద్రత మొదలగు విషయములలో సంస్కరణలు కావలెనని కోరి, టోకియోలోని ఒక చీనా భోజనశాలలో సమావేశమైనారు. వారి కోరికలను సంఘము అంగీకరింపలేదు. వారు సంఘమును విడిచి పోయినారు. పట్టికలో ఏర్పడిన ఖాళీలను పూరించుటకు క్రింది తరగతి నుండి కొందరిని పైకి తెచ్చినారు. వారిలో ఒకడు 20 ఏండ్ల ఫుతబయామ. ఇతరుల సమ్మె వలన అతనికి మెట్టు దొరికినది. ఈ సంగతికి పాతికేండ్ల తరువాత చక్కని కొనసాగింపు ఉన్నది. దానిని తరువాత చెప్పుదుము.

పై తరగతిలో కొంతకాలము అతడు వెనుకకు నెట్టబడుటయే ఎక్కువ. బరి అంచు వరకు పోయి, ఇక పడిపోవునను క్షణమున నడుమును వెనుకకు వంచి, ప్రత్యర్థిని ప్రక్కకు త్రిప్పి విసరి గెలిచెడివాడు. 'ఉచ్చరి' అనబడు ఈ పట్టునకు అతడు పేరుపడినాడు. కొందరు మెచ్చినారు, కొందరు ఇది గెలుపేనా యని పెదవి విరిచినారు. క్రమముగా దేహము నిండినది. వెనుకకు పోవు అవసరము తగ్గినది. నడుమునకు అభ్యాసమైన బలము మాత్రము నిలిచినది.

ఈ కాలముననే అతని విశిష్టమైన పద్ధతి ఏర్పడినది. ఇక్కడ ఆ రెండు తెల్లని గీతలను మరల తలచుకొందము. ఫుతబయామ తనంతట తాను ఆగుమని లేచుట మానివేసినాడు. ప్రత్యర్థి ఏ క్షణమున లేచినను, మొదటిసారి కూర్చున్నప్పుడే లేచినను, తానును లేచి ఎదుర్కొనెడివాడు. ఎదుటివాని దూకుడును ముందు స్వీకరించి, మరుక్షణమున తనకు కావలసిన పట్టు తాను చేజిక్కించుకొనెడివాడు. చూచువారికి అది గొప్ప నిబ్బరముగా కనిపించినది. దాని వెనుక ఒంటికన్ను రహస్యము కలదు. ముందుగా దూకి దూరము తప్పుటకంటె, ఎదుటివాడు వచ్చి తాకినప్పుడు ఆ స్పర్శను బట్టి అతని బలమును గ్రహించుట మేలు. చూపునకు బదులు దేహమంతటితోను చూచుట అతడు నేర్చుకొన్నాడు.

1936 జనవరి ఉత్సవములో ఆరవ నాడు అతడు యోకొజునయైన తమనిషికి చేతిలో ఓడినాడు. ఏడవ నాటి నుండి గెలుపు మొదలైనది. ఆనాటి ఉత్సవములు 11 దినములు. మిగిలిన అయిదు నాళ్ళును గెలిచినాడు. మేలో పదకొండింటికి పదకొండును, 1937 జనవరిలో మరల పదకొండును గెలిచినాడు. అతని ఆట చూడవచ్చు జనము పెరిగి, ఉత్సవమును 13 దినములకు పొడిగించినారు. ఆ పదమూడును గెలిచినాడు. 1938లో యోకొజునగా, ఆ పదవి పొందిన 35వ వాడుగా, రెండు ఉత్సవములలోను పదమూడేసి గెలిచినాడు. పదునెనిమిదవ శతాబ్దములో తనికజె అను మల్లుడు వరుసగా 63 గెలిచి నెలకొల్పిన హద్దును దాటిపోయినాడు. 1939 జనవరి ఉత్సవములో మొదటి మూడు నాళ్ళును గెలుపే. మొత్తము 69.

ఆ మూడేండ్లు జపానుకు చీనాతో యుద్ధము ముదిరిన కాలము. పత్రికలు, జనము అతని గెలుపులను సైన్యపు వార్తలతో జోడించి చెప్పుకొన సాగినారు. ఒక మనుష్యుని భుజములమీద ఇంత భారము పెట్టుట న్యాయమా యని ఆలోచించినవారు అప్పుడు తక్కువ. 1938లో మల్లుల బృందము మంచూరియా, చీనా ప్రాంతములలో పర్యటించినది. అక్కడ ఫుతబయామకు జిగట విరేచనముల వ్యాధి సోకి దేహము బాగుగా చిక్కినది. ఆ డిసెంబరులో తమనిషికి ఆకస్మికముగా మరణించినాడు. జనవరి ఉత్సవమునకు విశ్రాంతి తీసుకొనక, చిక్కిన దేహముతోనే ఫుతబయామ బరిలో దిగినాడు.

నాలుగవ నాడు ఎదురైనవాడు అకినోఉమి, 24 ఏండ్ల యువకుడు, దెవనోఉమి శాలవాడు. వారిద్దరును తలపడుట అదే మొదలు. ఆ శాలవారు, వసేద విశ్వవిద్యాలయములో చదివిన కసగియామ అను మల్లుని ఆధ్వర్యమున, ఫుతబయామ ఆటను చాలకాలముగా పరిశీలించి, అతని కుడికాలిని లక్ష్యము చేసికొనవలెనని నిర్ణయించుకొన్నారు. అకినోఉమి తలను ప్రత్యర్థి రొమ్మున ఆన్చి నిలిచినాడు. ఫుతబయామ విసరుటకు ప్రయత్నించిన క్షణమున, వెలుపలి నుండి కాలు మెలివేసినాడు. యోకొజున పడిపోయినాడు.

మందిరము దద్దరిల్లుచుండగా ఫుతబయామ లేచి, ఎప్పటివలెనే వంగి నమస్కరించి, ఎప్పటి నడకతోనే వెడలిపోయినాడు. అకినోఉమిని పెద్దలు మెచ్చుకొనుటకు బదులు, గెలిచినప్పుడు గగ్గోలు పుట్టించువాడవు కాక, ఓడినప్పుడు గగ్గోలు పుట్టించువాడవు కమ్మని హెచ్చరించినారని చెప్పుదురు. తరువాతి కాలమున అతడును యోకొజున అయినాడు. కాని ఫుతబయామను మరి ఎన్నడును ఓడింపలేదు.

ఆ రాత్రి ఫుతబయామ ఒక తంతి పంపినాడు. అతడు గురువుగా భావించు పండితుడు యసుఓక మసహిరో ఆ సమయమున విదేశయాత్రలో నుండెను. ఆయనకు చేరిన ఆ తంతి సారాంశము, తాను ఇంకను కొయ్యకోడి కాలేకపోయితి నని. ఇది చీనా తత్త్వవేత్త జువాంగ్‌జీ గ్రంథములోని ఒక కథకు సంబంధించినది. ఒక రాజు కొరకు ఒకడు పందెపుకోడిని తయారు చేయుచుండెను. పదినాళ్ళకు రాజు అడుగగా, ఇంకను పొగరు తగ్గలేదనెను. మరి పదినాళ్ళకు, ఇంకను ఇతర కోళ్ళ కూతకు, నీడకు కదలుచున్నదనెను. మరి పదినాళ్ళకు, ఇంకను కన్నెఱ్ఱ జేయుచున్నదనెను. చివరకు, ఇక సరిపోయినది, ఏ కోడి కూసినను చలించుట లేదు, కొయ్యతో చెక్కినట్లున్నది, దీనిని చూచియే ఇతర కోళ్ళు పారిపోవుననెను. సంక్రాంతికి కోడిపందెములు చూచిన మనవారికి ఈ కథలోని సూక్ష్మము ఇట్టే తెలియును. కాలు దువ్వు కోడి కంటె కదలకుండ నిలిచిన కోడియే భయంకరము.

దేశమంతయు అతనిని చలనము లేని కొండ అనుకొన్న కాలమున, అతడు తన్ను గూర్చి అట్లనుకొనలేదు. 69 గెలుపుల వెనుకను ఒక కోరికయే గాని ఒక సిద్ధి లేదని ఆ తంతి తెలుపుచున్నది. తరువాత జరిగినది కూడ అతని మాటనే నిజము చేసినది. మరునాడును, ఆ మరునాడును వరుసగా ఓడినాడు. ఆ ఉత్సవములో తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు. కాని అక్కడ ఆగలేదు. ఆ మేలో ఉత్సవమును 15 దినములకు పెంచినారు, పదిహేనును గెలిచినాడు. మొత్తము మీద 12 పర్యాయములు విజేతగా నిలిచినాడు. వానిలో ఎనిమిది, ఒక్క ఓటమియు లేనివి.

యుద్ధము చివరికి సుమోను కూడ మ్రింగినది. ర్యోగొకు మందిరము 1945 మార్చి నాటి విమానదాడిలో కాలినది. ఆ జూనులో కాలిన మందిరములోనే, సామాన్య ప్రేక్షకులు లేకుండ, ఏడు నాళ్ళ ఉత్సవము జరిపినారు. ఫుతబయామ మొదటి నాడు ఒక్క పోటీ గెలిచి తప్పుకొన్నాడు. ఆ నవంబరులో విరమణ ప్రకటించినాడు.

ఓడిన దేశములో ఆ వీరుడు కొంతకాలము దారి తప్పినవాడు వలె తిరిగినాడు. ఒక నూతన మతశాఖలో చేరి, 1947 జనవరిలో కనజవ పట్టణమున పోలీసులు ఆ శాఖ నాయకురాలిని పట్టుకొన వచ్చినప్పుడు, వారికి అడ్డు నిలిచి తానును నిర్బంధమునకు గురియైనాడు. కొద్దికాలములోనే ఆ శాఖతో సంబంధము వదలుకొన్నాడు. అతని జీవితము వ్రాయువారు కొందరు ఈ ఘట్టమును దాటివేయుదురు. మేము దాటవేయ దలచలేదు. కొయ్యకోడి కాలేకపోయితినని స్వయముగా చెప్పుకొన్నవాని జీవితములో ఇట్టి తడబాటును దాచిపెట్టుట అతనికి గౌరవము కాదు.

అతని నిజమైన ద్వితీయ జీవితము సుమో సంఘములో గడిచినది. తొకిత్సుకజె అను పేరుతో స్వంత శాలను నడిపి, కగమిసతో వంటి యోకొజునను తీర్చిదిద్దినాడు. 1957లో సంఘాధ్యక్షుడైనాడు. ఆ సంవత్సరము సంఘపు వ్యవహారములు జపాను పార్లమెంటులో చర్చకు వచ్చినవి. ఆ ఏడే మల్లులకు నెలజీతముల పద్ధతి ఏర్పడినది. 1958 నుండి ఏడాదికి ఆరు ఉత్సవములు జరుగసాగినవి. 1961లో సంఘములోని పెద్దలకు 65 ఏండ్ల విరమణ వయస్సు నిర్ణయమైనది. 1965 నుండి, ఒకే శాలవారు కానంతవరకు ఎవరైనను ఎవరితోనైనను తలపడవలెనను నియమము వచ్చినది. అంతకుముందు బంధుశాలల వారు ఒకరితో నొకరు తలపడకుండ తప్పించుకొను వీలుండెడిది.

1932లో సమ్మె చేసి పోయినవారు కోరినది కూడ స్థిరమైన రాబడియే, క్రమమైన పాలనయే. వారి ఖాళీలో మెట్టెక్కిన కుర్రవాడు, పాతికేండ్లకు అధ్యక్షపీఠము మీద కూర్చుండి, వారి కోరికలలో ముఖ్యమైనదానిని నెరవేర్చినాడు. 69 గెలుపుల వలన కలిగినది కీర్తి. నెలజీతము వలన కలిగినది స్థిరమైన రాబడి. ఈ రెంటిలో ఏది గొప్ప యని పాఠకులే నిర్ణయింతురు గాక.

అధ్యక్షుడుగా ఉండగనే, 1968 డిసెంబరు 16న, కాలేయవ్యాధితో, 56 ఏండ్ల వయస్సున అతడు మరణించినాడు.

అతని 12 విజేతృత్వముల హద్దును 1960ల దశకమున తైహో దాటినాడు. 69 వరుస గెలుపుల హద్దు మాత్రము చెక్కుచెదరలేదు. 1988లో చియొనొఫుజి 53 వద్ద ఆగిపోయినాడు. మంగోలియా నుండి వచ్చిన యోకొజున హకుహో, ఫుతబయామ ఆట పట్టిన పాత చలనచిత్రములను శ్రద్ధగా చూచి, ఎదుటివాని దూకుడును ముందు స్వీకరించు ఆ పద్ధతిని అభ్యసించినాడు. 2010 నవంబరులో అతని వరుస 63 వరకు వచ్చి, కిసెనొసతో చేతిలో తెగినది.

ఇప్పుడు సుమోను లోకమంతయు తెరల మీద చూచుచున్నది. పై తరగతివారికి లేచి తలపడుటకు గడువు 10 నిమిషముల నుండి తగ్గి తగ్గి నాలుగు నిమిషములైనది. అయినను బరి నడుమ రేడియో కొరకు గీచిన ఆ రెండు తెల్లని గీతలు అట్లే ఉన్నవి. ప్రతి ఉత్సవములోను, ప్రతి పోటీకి ముందును, మల్లులు వాని వెనుకనే గొంతుకూర్చుండి ఎదుటివాని ఊపిరికి ఎదురుచూచుచున్నారు. ఒంటికంటి మల్లుడొకడు, ఆగుమని ఎన్నడు అనక, కదలక కూర్చుండిన చోటు అదియే.